ట్యాంకులో బుద్ధిగా, ఇంజిన్‌లో ఉగ్రంగా: రాకెట్ ఇంధనాల మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల వాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే. ముందే ఒక మాట చెప్పేస్తా, ఇవాళ నేను లెక్కలు బాగానే చెప్తాను గానీ బోర్డు మీద ఒక్క సమీకరణం కూడా రాయను, కాబట్టి ఎవరూ లేచి వెళ్ళిపోనక్కర్లేదు. (నవ్వులు)

ఇందాక లోపలికి వస్తుంటే ఒక కుర్రాడు నన్ను మెట్ల దగ్గర ఆపి అడిగాడు, సర్, బాంబుల్లో పెట్టే మందుకి అంత పవర్ ఉంటుంది కదా, దాన్నే రాకెట్‌లో పోసి కొట్టొచ్చు కదా అని. నవ్వకండి, నవ్వకండి. చాలా మంచి ప్రశ్న అది. నేను రాసుకొచ్చిన మొదలు పక్కన పెట్టేసి వాడి ప్రశ్నతోనే మొదలెడుతున్నా.

బాంబుల్లో పెట్టే మందు టీఎన్‌టీ తీసుకుందాం. కిలో టీఎన్‌టీ పేలితే సుమారు 4.5 మెగాజౌళ్ళ శక్తి వస్తుంది. ఇప్పుడు కిలో ఎండు కట్టె కాలిస్తే ఎంతొస్తుందో ఎవరైనా చెప్తారా? ఒకటా? రెండా? కాదండీ, సుమారు 16. కిలో కిరోసిన్ అయితే 43. అంటే శక్తి లెక్కన చూస్తే పొయ్యిలో పెట్టే కట్టె ముందు టీఎన్‌టీ దిగదుడుపే. మరి టీఎన్‌టీకి అంత పేరెందుకు అంటే, దాని గొప్ప శక్తిలో లేదు, తొందరలో ఉంది. పేలుడు అల దాని ఒంట్లోంచి సెకనుకి దాదాపు 7 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది, రెప్పపాటు కూడా పట్టదు, అంతా అయిపోతుంది. మనకి కావాల్సింది రెప్పపాటులో అయిపోయేది కాదు కదా, 2 నిమిషాలో 8 నిమిషాలో మనం చెప్పినంతసేపు, చెప్పినంత మోతాదులో, ఒకే వైపుకి తోసేది కావాలి. పేలుడు అన్ని వైపులకీ తోస్తుంది, రాకెట్‌తో సహా.

అయితే నేను ఇప్పుడు మీకు చెప్పిన లెక్కలో చిన్న మోసం ఉంది, ఎవరైనా పట్టుకుంటారేమో అని చూశా. కట్టె మండాలంటే ఆక్సిజన్ కావాలి, అది గాలిలోంచి ఊరికే వస్తోంది, దాని బరువు మనం లెక్కలో వెయ్యలేదు. టీఎన్‌టీ తన ఆక్సిజన్ తన అణువులోనే తెచ్చుకుంటుంది, అందుకే దాని అంకె చిన్నగా కనపడుతోంది. రాకెట్ కూడా గాలి లేని చోటికి పోవాలి, అంటే ఆక్సిజన్ మోసుకుపోవాల్సిందే. కిలో కిరోసిన్ పూర్తిగా మండటానికి సుమారు 3.4 కిలోల ఆక్సిజన్ కావాలి, ఆ బరువు కూడా కలిపి భాగిస్తే 43 కాస్తా 10 దగ్గరికి దిగిపోతుంది. హైడ్రోజన్ కిలోకి 120 అని పుస్తకాల్లో ఉంటుంది, చూడగానే కళ్ళు తిరుగుతాయి, కానీ దానికి కిలోకి 8 కిలోల ఆక్సిజన్ కావాలి, 9 పెట్టి భాగిస్తే 13. మూడింతలు ముందున్నది కాస్తా మూడో వంతు ముందుకి వచ్చేసింది చూడండి. మనుషుల్ని చంద్రుడి మీదకి పంపిన సాటర్న్ 5 రాకెట్ మొదటి స్టేజీలో, అంటే అన్నిటికన్నా కింద ఉండే భాగంలో, కిరోసిన్ సుమారు 650 టన్నులు, లిక్విడ్ ఆక్సిజన్ 1400 టన్నులు పైనే. రాకెట్ ఇంధనం రాకెట్ ఇంధనం అంటాం గానీ నిజానికి రాకెట్ అంటే ఎగిరే ఆక్సిజన్ ట్యాంకండీ, దాని వెనకాల కొంచెం ఇంధనం తగిలించి ఉంటుంది, అంతే. అందుకే ఈ పని చేసేవాళ్ళు ఇంధనం, దాన్ని మండించే ఆక్సిజన్ లాంటి ఆక్సిడైజర్, రెండూ కలిపి ప్రొపెల్లెంట్ అంటారు. నేను మాత్రం అలవాటు కొద్దీ ఇంధనం అనేస్తుంటాను, మీరు సర్దుకోండి.

సరే, శక్తి ఒక్కటే కొలత కాదు, మరి కొలత ఏంటి? బయటికి పోయే గ్యాసు ఎంత వేగంగా పోతోంది అన్నది. 1903లోనే త్సియోల్కోవ్‌స్కీ అనే రష్యన్ టీచర్ దీని లెక్క ప్రచురించాడు, అప్పటికి విమానం కూడా సరిగ్గా ఎగరలేదు, ఆ కాగితాల్లోనే లిక్విడ్ హైడ్రోజన్, లిక్విడ్ ఆక్సిజన్ పెట్టుకుంటే బాగుంటుందని కూడా రాసేశాడు. ఆ లెక్క సారం ఏంటంటే, భూమి కక్ష్యలోకి ఎక్కాలంటే గాలి రాపిడి, గురుత్వం తినేసేవి అన్నీ కలుపుకుని సెకనుకి సుమారు 9.4 కిలోమీటర్ల వేగం కూడగట్టాలి. మీ గ్యాసు సెకనుకి 4.4 కిలోమీటర్లతో పోతుంటే, 100 టన్నులతో బయల్దేరితే పైకి చేరేసరికి సుమారు 12 టన్నులు మిగులుతాయి. 3.3తో పోతుంటే 6 టన్నుల లోపే. 2.6 అయితే 3 టన్నులు కూడా మిగలవు. ఆ మిగిలినదాంట్లోనే ఇంజిన్లు, ట్యాంకులు, గొట్టాలు, అన్నీ. ఖాళీ అయిన స్టేజీలని దారిలోనే విడగొట్టి పారేసి ఈ బాధ తగ్గించుకుంటారు, అది వేరే కథ. కానీ చూడండి, వేగం 4.4 నుంచి 3.3కి తగ్గితే మిగిలే బరువు సగానికి పడిపోతోంది. అందుకే రాకెట్ వాళ్ళు ఈ వేగం కోసం ప్రాణం పెడతారు.

దీన్నే స్పెసిఫిక్ ఇంపల్స్ అని సెకన్లలో చెప్తుంటారు. కిలో ప్రొపెల్లెంట్‌తో కిలో బరువంత తోపు ఎన్ని సెకన్లు ఇవ్వగలవు అని అర్థం. ఘన ఇంధనాలు 270 అటూ ఇటూ, కిరోసిన్ 300 నుంచి 350 వరకు, హైడ్రోజన్ 450. స్పేస్ షటిల్ ఇంజిన్ శూన్యంలో 452 ఇచ్చేది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వేగం దేని మీద ఆధారపడుతుంది? రెండే రెండు. మంట ఎంత వేడిగా ఉంది, మంటలోంచి వచ్చిన గ్యాసు అణువు ఎంత తేలిగ్గా ఉంది. వేడి ఎక్కువుండాలి, అణువు తేలిగ్గా ఉండాలి. ఒకే వేడిలో ఉన్న రెండు గ్యాసుల్లో తేలిక అణువులు గబగబా పరిగెడతాయి, బరువువి నెమ్మదిగా కదుల్తాయి. కిరోసిన్ మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాని అణుభారం 44. హైడ్రోజన్ మండితే నీటి ఆవిరి, 18. హైడ్రోజన్ ఎందుకు గెలుస్తోందో అక్కడే తెలిసిపోతోంది.

ఇంకో తమాషా చెప్తా. ఇందాక కిలో హైడ్రోజన్‌కి 8 కిలోల ఆక్సిజన్ అన్నాను కదా, నిజం ఇంజిన్లో అంత పొయ్యరు, 6 కిలోలే పోస్తారు. అంటే కావాలనే కొంత హైడ్రోజన్‌ని మండనివ్వకుండా బయటికి వదిలేస్తారు. నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నా. బంగారం లాంటి ఇంధనాన్ని మండించకుండా పారబొయ్యటమేంటి? కానీ లెక్కేసి చూస్తే, మండకుండా మిగిలిన హైడ్రోజన్ అణుభారం 2, అది ఆవిరిలో కలిసి మొత్తం గ్యాసు సగటు బరువుని 18 నుంచి 14కి దించేస్తుంది. మంట వేడి కొంచెం తగ్గుతుంది గానీ తేలికతనం వల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని మించిపోతుంది, పైగా ఇంజిన్ గోడలకి కాస్త ఊపిరి. పూర్తిగా మండేదే మంచి ఇంధనం అనే మన ఆలోచన ఇక్కడ పనికిరాదన్నమాట.

మరి ఇంత మంచిదైతే అందరూ హైడ్రోజనే వాడొచ్చు కదా? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు ఉంటుందండీ హైడ్రోజన్ సంగతి. మొదటిది, సాంద్రత. లిక్విడ్ హైడ్రోజన్ ఒక ఘనపు మీటరు తూకం వేస్తే 71 కిలోలు. నీళ్ళు అయితే 1000, కిరోసిన్ 800 చిల్లర. స్పేస్ షటిల్ కింద ఆ పెద్ద నారింజ రంగు ట్యాంకు చూసే ఉంటారు ఫొటోల్లో. అందులో ఆక్సిజన్ సుమారు 630 టన్నులు, హైడ్రోజన్ సుమారు 106 టన్నులు. బరువులో ఆరో వంతు ఉన్న హైడ్రోజన్ దాదాపు మూడింతలు చోటు తినేసేది. ఆ ట్యాంకులో ముప్పాతిక వంతు కేవలం హైడ్రోజన్ కోసమే. ట్యాంకు పెద్దదైతే దాని బరువు, దాన్ని చుట్టే ఇన్సులేషన్ బరువు, గాలిలో దాని రాపిడి, ఆ ఇంధనాన్ని తోడే పంపు సైజు, అన్నీ పెరుగుతాయి. ఇందాక స్పెసిఫిక్ ఇంపల్స్‌లో సంపాదించిందంతా ఇక్కడ కట్టేస్తున్నాం.

రెండోది చలి. మైనస్ 253 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పక్కనే ఆక్సిజన్ ట్యాంకు, దాని మరిగే స్థానం మైనస్ 183, కానీ అది మైనస్ 219 దగ్గర గడ్డకడుతుంది, అంటే రెంటికీ మధ్య గోడ సరిగ్గా లేకపోతే ఆక్సిజన్ రాయి అయిపోతుంది. గొట్టాల్లో గాలి మిగిలి ఉంటే అది కూడా గడ్డకడుతుంది, నైట్రోజన్‌తో తరిమేద్దామంటే నైట్రోజనూ గడ్డకడుతుంది, అందుకని హీలియంతోనే శుభ్రం చెయ్యాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్తా, హైడ్రోజన్‌తో కాదు, దానికన్నా ఎంతో సాధువైన లిక్విడ్ నైట్రోజన్‌తో. నేను చదువుకునే రోజుల్లో ఒక ల్యాబ్‌లో వాక్యూమ్ పంపుకి ముందు ఒక గాజు గొట్టం ఉండేది, దాన్ని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి ఉంచేవాళ్ళం, ఆవిర్లు పంపులోకి పోకుండా. ఒకరోజు ఎవరో వాల్వు సరిగ్గా కట్టలేదు, గొట్టంలోకి మెల్లగా గాలి పోతూనే ఉంది రాత్రంతా. పొద్దున నేను వెళ్ళి ఫ్లాస్కు కిందకి దించి చూస్తే గొట్టం అడుగున మూడు వేళ్ళ ఎత్తు లేత నీలం రంగు నీళ్ళు, ఎంత అందంగా ఉందో. నేను ఇంకొంచెం వంగి చూస్తున్నా. మా గైడు వెనకనుంచి వచ్చి చూసి, ఒక్క మాట గట్టిగా అనకుండా, ఫ్లాస్కు మళ్ళీ పైకెత్తి పెట్టు, చేతులు వెనక్కి తియ్యి, అందరూ బయటికి పదండి అన్నాడు. ఆ నీలం నీళ్ళు లిక్విడ్ ఆక్సిజన్. నైట్రోజన్ మైనస్ 196లో ఉంటుంది, ఆక్సిజన్ మైనస్ 183కే ద్రవమైపోతుంది, కాబట్టి గాలిలోంచి ఆక్సిజన్ ఏరుకుని దింపేసింది. ఆ గొట్టంలో అంతకుముందు పట్టిన సాల్వెంటు ఆవిర్లు ఉన్నాయి. ఆక్సిజన్, సాల్వెంటు, అంటే ఇంధనం, ఆక్సిడైజర్ ఒకే గిన్నెలో. నిప్పురవ్వ ఒక్కటే తక్కువ. ఇప్పుడు ఇదే పని ఇన్సులేషన్ లేని హైడ్రోజన్ గొట్టం చేస్తుంది, దాని ఒంటి మీద గాలే ద్రవమై కింద చుక్కలు చుక్కలుగా కారుతుంది, అందులో ఆక్సిజన్ పాలు ఎక్కువ, కింద తారు ఉంటే అదీ ఇంధనమే, ఇక చెప్పక్కర్లేదు.

హైడ్రోజన్‌లో ఇంకో మాయ ఉంది, ఇది నాకు బాగా ఇష్టమైనది. హైడ్రోజన్ అణువులో రెండు ప్రోటాన్లు ఉంటాయి కదా, వాటి స్పిన్ ఒకే వైపు ఉంటే ఆర్థో అంటారు, ఎదురెదురుగా ఉంటే పారా. మామూలు వేడిలో నాలుగింట మూడు వంతులు ఆర్థో. ద్రవంగా మార్చేశాక ఆ చలిలో అంతా పారా అయిపోవాలని చూస్తుంది, కానీ ఆ మార్పు చాలా మెల్లగా, రోజుల తరబడి జరుగుతుంది, జరిగేటప్పుడు వేడి వదులుతుంది. ఎంత వేడి అంటే, ఆ హైడ్రోజన్‌ని మరిగించి ఆవిరి చెయ్యటానికి కావాల్సినదానికంటే ఎక్కువ. అంటే మీరు ప్రపంచంలో ఎవరూ కట్టనంత గొప్ప ఇన్సులేషన్‌తో ట్యాంకు కట్టి, బయటి వేడి ఒక్క జౌలు కూడా లోపలికి పోకుండా చేసినా, ఇంధనం తనలో తనే వేడెక్కి చాలా భాగం ఆవిరైపోతుంది. దొంగ బయటినుంచి రాలేదు, లోపలే ఉన్నాడు! అందుకే చల్లబరిచేటప్పుడే క్యాటలిస్టు మీదుగా పంపి ముందే పారాగా మార్చేసి ఆ తర్వాత నిల్వ చేస్తారు.

కారిపోవటం గురించి వేరే చెప్పాలా? అంత చిన్న అణువు, ఏ సందు దొరికినా దూరిపోతుంది. 2022 సెప్టెంబర్ 3న నాసా చంద్రుడి రాకెట్ ఆర్టెమిస్ 1 ప్రయోగం ఆగిపోయింది హైడ్రోజన్ లీకు వల్లే, చివరికి నవంబర్ 16కి గానీ ఎగరలేదు. దానికి తోడు హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో కంటికి దాదాపు కనపడదు. పాత రోజుల్లో హైడ్రోజన్ లైన్ల దగ్గర పనిచేసేవాళ్ళు లీకు అనుమానం వస్తే ఒక చీపురు ముందుకి చాచి పట్టుకుని నడిచేవాళ్ళు, చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉందని అర్థం. రాకెట్ సైన్స్ అంటే ఏంటో అనుకుంటాం, చీపురు కూడా ఉందండీ అందులో. (నవ్వులు)

అందుకని తెలివైన పని ఏంటంటే, ఎక్కడ ఏది సరిపోతుందో అక్కడ అది. సాటర్న్ 5 మొదటి స్టేజీ కిరోసిన్, పైన రెండు స్టేజీలు హైడ్రోజన్. కింద స్టేజీకి కావాల్సింది బండబలం, చిన్న ట్యాంకులో ఎక్కువ సరుకు పట్టాలి. పై స్టేజీలో మిగుల్చుకునే ప్రతి కిలో బరువుకీ కింద ఎన్నో కిలోలు ఆదా అవుతాయి, అక్కడ హైడ్రోజన్ గొడవంతా భరించినా గిట్టుబాటే.

కిరోసిన్‌ని చాలామంది చులకనగా చూస్తారు గానీ నాకు దాని మీద చాలా గౌరవం. మామూలు కిరోసిన్ కాదు లెండి, ఆర్‌పీ 1 అని ప్రత్యేకంగా శుద్ధి చేసింది, గంధకం, ఆరోమాటిక్స్ బాగా తగ్గించేస్తారు. ఎందుకు అంత జాగ్రత్త? ఎందుకంటే ఇంధనం పని మండటంతో మొదలవ్వదు. ఇంజిన్‌ లోపల 3000 డిగ్రీలు పైన ఉంటుంది, దాని గోడ చాలా ఇంజిన్లలో రాగి మిశ్రమం, రాగి 1085 డిగ్రీలకే కరిగిపోతుంది, మరి గోడ ఎలా నిలబడుతోంది? ఆ గోడలో సన్నని కాలవలు ఉంటాయి, మండబోయే ఇంధనాన్నే ముందు ఆ కాలవల్లో పరిగెత్తించి గోడని చల్లబరుస్తారు, ఆ తర్వాత తీసుకెళ్ళి మండిస్తారు. ఆ కాలవల్లో కిరోసిన్ మరీ వేడెక్కిందంటే గోడకి నల్లటి మసి పేరుకుంటుంది, గంధకం ఉంటే ఇంకా తొందరగా. ఆ మసి పొర ఎంత పల్చగా ఉన్నా వేడిని ఆపేస్తుంది, మసి పట్టిన చోట గోడ ఇంకా వేడెక్కుతుంది, ఇంకా మసి పడుతుంది, చివరికి గోడకి బొక్క. జర్మన్ల వీ 2 రాకెట్‌లో ఆల్కహాల్‌కి పావు వంతు నీళ్ళు కలిపేవాళ్ళు, మంట వేడి తగ్గించుకుని ఇంజిన్‌ని కాపాడుకోవటానికే. నీళ్ళు కలిపిన ఇంధనంతోనే అది అంతరిక్షం అంచు దాటింది మరి.

సాటర్న్ 5లోని ఎఫ్ 1 ఇంజిన్ అయితే కిరోసిన్‌తో అన్ని చాకిరీలూ చేయించుకునేది. మండేదీ అదే, గోడ చల్లబరిచేదీ అదే, పంపు బేరింగులకి నూనె అదే, ఇంజిన్‌ని అటూ ఇటూ తిప్పే హైడ్రాలిక్ పిస్టన్లలో ద్రవమూ అదే. ఐదు ఇంజిన్లు కలిసి సెకనుకి 13 టన్నుల ప్రొపెల్లెంట్ తాగేవి. హైడ్రోజన్‌ని బేరింగులకి నూనెగా వాడుకోమనండి చూద్దాం!

ఇక మూడో రకం మనుషులు ఉన్నారు, అసలు నిప్పే అక్కర్లేనివాళ్ళు. హైడ్రజీన్, దాని చుట్టాలు ఒక ట్యాంకులో, నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఇంకో ట్యాంకులో. రెండూ ఒకదాన్నొకటి తాకాయా, భగ్గుమంటాయి. వీటిని హైపర్‌గోలిక్ అంటారు. రెండూ మామూలు వేడిలో ద్రవాలే, నెలల తరబడి ట్యాంకులో ఉంటాయి. చంద్రుడి మీదనుంచి వ్యోమగాముల్ని పైకి లేపిన ఇంజిన్ ఇలాంటిదే. ఆలోచించండి, అక్కడ ఒక్కటే ఇంజిన్, అది అంటుకోకపోతే ఇక ఇంటికి రావటం లేదు. అందుకని నిప్పంటించే ఇగ్నైటర్ లేదు, పంపు లేదు, వాల్వు తెరుచుకోవటం, రెండు ద్రవాలు కలవటం, అంతే. 6 సార్లు దిగారు, 6 సార్లూ లేచారు. అక్కడ హైడ్రజీన్ ఒక్కటే వాడకుండా దానికి ఇంకో రకం సగానికి సగం కలిపారు, ఎందుకంటే ఒట్టి హైడ్రజీన్ 2 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఒట్టి హైడ్రజీన్‌ని కూడా వాడతారు, దానికి ఆక్సిడైజర్ కూడా అక్కర్లేదు, ఇరిడియం పూసిన గింజల మీద పడితే తనంతట తనే విడిపోయి వేడి గ్యాసు అయిపోతుంది. 1977లో పంపిన వాయేజర్ 1 వ్యోమనౌకలో అదే ఉంది. 37 ఏళ్ళు ముట్టుకోకుండా వదిలేసిన చిన్న థ్రస్టర్లని 2017 నవంబర్ 28న తిప్పి చూస్తే పనిచేశాయి! స్పెసిఫిక్ ఇంపల్స్‌లో ఈ హైడ్రజీన్ హైడ్రోజన్‌కి దరిదాపుల్లో లేదు, కానీ 37 ఏళ్ళు ఎదురుచూడగలిగే హైడ్రోజన్ ట్యాంకు ఎవరూ కట్టలేదు.

మరి లోపం? విషం. రెండూ విషమే. 1975 జులైలో అమెరికా, సోవియట్ వాళ్ళు కలిసి చేసిన అపోలో సోయుజ్ యాత్ర అయిపోయి కిందకి దిగుతుంటే నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి క్యాబిన్‌లోకి వచ్చేసింది, ముగ్గురు అమెరికన్లూ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, ఒకాయన స్పృహ కూడా తప్పాడు. 1960 అక్టోబర్ 24న బైకొనూర్‌లో ఆర్ 16 క్షిపణి లాంచ్‌ప్యాడ్ మీదే అంటుకుని చాలామంది చనిపోయారు, అందులోనూ ఇదే జాతి ఇంధనాలు. సోవియట్ యూనియన్‌లో రాకెట్లు కట్టే కొరొల్యోవ్, ఇంజిన్లు చేసే గ్లుష్కో, ఇద్దరు మహానుభావులూ దీని మీదే పోట్లాడుకున్నారు, మనుషులెక్కే రాకెట్‌లో ఆ విషం వద్దంటాడు కొరొల్యోవ్, అదే కావాలంటాడు గ్లుష్కో. గ్లుష్కో సాయం లేక కొరొల్యోవ్ చంద్రుడి రాకెట్ ఎన్ 1కి కిరోసిన్‌తో 30 చిన్న ఇంజిన్లు పెట్టాల్సి వచ్చింది, 4 సార్లు ఎగరేస్తే 4 సార్లూ విఫలం. విచిత్రం ఏంటంటే కొరొల్యోవ్ పోయాక అదే గ్లుష్కో కిరోసిన్‌తో ఆర్‌డీ 170 అనే అద్భుతమైన ఇంజిన్ చేశాడు.

ఘన ఇంధనం గురించి ఎక్కువ చెప్పను, టైము చూస్తున్నా. షటిల్ బూస్టర్లలో దాదాపు 70 శాతం అమోనియం పర్‌క్లోరేట్ అనే ఆక్సిడైజర్, 16 శాతం అల్యూమినియం పొడి, మిగతాదంతా చాలావరకు రబ్బరు. రబ్బరు అంటుకోటానికే కాదు, అది కూడా మండుతుంది. పంపు లేదు, వాల్వు లేదు, ఏళ్ళ తరబడి ఉంటుంది, అందుకే క్షిపణులకి ఇదంటే ప్రాణం. ఒకసారి అంటించాక ఆపటం మాత్రం ఉండదు. దీంట్లో మండే వేగం అంతా మండుతున్న ఉపరితలం మీద ఆధారపడుతుంది, అందుకే మధ్యలో నక్షత్రం ఆకారంలో బొక్క పెట్టి పోత పోస్తారు, ఏ క్షణంలో ఎంత తోపు కావాలో ఆ బొక్క ఆకారమే నిర్ణయిస్తుంది. ఎక్కడైనా వెంట్రుక సందంత పగులు ఉంటే మంట అందులోకి దూరుతుంది, ఉపరితలం పెరిగిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కేసింగ్ పగులుతుంది. అందుకే ఆ భారీ దిమ్మల్ని ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఇప్పుడు మీలో ఎవరికో డౌటు రావాలి, అసలు కాగితం మీద అన్నిటికంటే గొప్పది ఏది అని. ఉందండీ. 1960లలో అమెరికాలో రాకెట్‌డైన్ వాళ్ళు లిథియం, ఫ్లోరిన్, హైడ్రోజన్ మూడూ కలిపి మండించి చూశారు, 542 సెకన్లు వచ్చింది, రసాయన ఇంజిన్లలో అంతకు మించింది లేదు. కానీ లిథియంని 180 డిగ్రీలకి పైన కరగబెట్టి ఉంచాలి, హైడ్రోజన్‌ని మైనస్ 253లో ఉంచాలి, ఒకే రాకెట్‌లో. ఫ్లోరిన్ దొరికినదాన్నల్లా తినేస్తుంది. వెనకనుంచి వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్, గాజుని కూడా కరిగించేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట. దాని తమ్ముడు క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ ఇంకా ఘనుడు, నీళ్ళు పోస్తే మండుతుంది, ఇసుక పోస్తే ఇసుక మండుతుంది, ఆస్‌బెస్టాస్ కూడా మండుతుంది. ఇక మంట ఆర్పేవాడు ఏం పొయ్యాలి చెప్పండి?

ఈ మధ్య అందరూ మీథేన్ వైపు ఎందుకు పోతున్నారో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. అది ఏ పరీక్షలోనూ ఫస్టు రాదు. హైడ్రోజన్ అంత వేగం లేదు, కిరోసిన్ అంత సాంద్రత లేదు. కానీ కిరోసిన్ లాగా మసి పట్టదు, మళ్ళీ మళ్ళీ వాడే ఇంజిన్‌కి అది ప్రాణం. మైనస్ 162 దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183, ఇద్దరూ దాదాపు ఒకే చలిలో ఉంటారు కాబట్టి మధ్యలో ఒకే గోడ సరిపోతుంది. అంగారకుడి మీద కార్బన్ డయాక్సైడ్‌కి హైడ్రోజన్ కలిపి అక్కడే తయారుచేసుకోవచ్చనే ఆశ కూడా ఉంది. 2023 జులైలో చైనా వాళ్ళ జూక్ 2 మొదటిసారి మీథేన్‌తో కక్ష్య చేరింది.

ఒక్క నిమిషం, ఇందాక తేలిక అణువే మంచిది అని పెద్ద గొంతేసుకుని చెప్పాను కదా, అయాన్ ఇంజిన్లలో అది తిరగబడిపోతుంది. అక్కడ మంట లేదు, కరెంటుతో అయాన్లని, అంటే విద్యుత్ ఆవేశమున్న పరమాణువుల్ని, తోస్తారు, అందుకని అణువు బరువున్న జినాన్ కావాలంటారు, దాని అణుభారం 131. ఎందుకంటే అక్కడ ఇబ్బంది వేగం కాదు, వేగం కావాల్సినదానికంటే ఎక్కువే ఉంది, సోలార్ ప్యానెళ్ళు ఇచ్చే కరెంటే తక్కువ, ఉన్న కరెంటుతో ఎక్కువ తోపు రావాలంటే బరువైనదాన్నే విసరాలి. పైగా జినాన్ దేంతోనూ గొడవ పెట్టుకోదు, ట్యాంకుని తినదు. మొదట్లో పాదరసం, సీజియం వాడి చూశారు, అవి చేసే పాడు చూసి జినాన్‌కి మారారు. అక్కడా మళ్ళీ అదే కథ చూడండి, ట్యాంకులో ఎవరు బుద్ధిగా కూర్చున్నారు అన్నది.

ప్రశ్నలకి టైము ఉందా? ఒక్కటేనా, సరే. అదిగో ఆ అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా.

(సభలోంచి: సర్, నీళ్ళలో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఉన్నాయి కదా, నీళ్ళనే ఇంధనంగా వాడొచ్చా?)

బాగా అడిగావు తల్లీ. నీళ్ళంటే ఇప్పటికే మండిపోయిన హైడ్రోజన్, ఒక రకంగా హైడ్రోజన్ బూడిద. బూడిదని మళ్ళీ మండించలేం. విడగొట్టాలంటే మండినప్పుడు వచ్చినంత శక్తీ మళ్ళీ లోపలికి పెట్టాలి. నీళ్ళతో నడిచే బండి అని ఎవరైనా చూపిస్తే నమ్మకు. కానీ నీ ప్రశ్నలో ఇంకోటి ఉంది. పైన ఎండ ఉంది, కరెంటు ఉంది, అక్కడ నీళ్ళు దొరికితే అక్కడే విడగొట్టుకోవచ్చు. 2009 అక్టోబర్ 9న ఎల్‌క్రాస్ అనే యాత్రలో ఒక పాత రాకెట్ స్టేజీని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నీడలో ఉండే గోతిలోకి గుద్దిస్తే లేచిన దుమ్ములో నీటి జాడ కనపడింది. కాబట్టి ఎప్పటికైనా అక్కడ ఆ ఫ్యాక్టరీ పెట్టొచ్చు, అయితే మళ్ళీ మైనస్ 253, మళ్ళీ ఆర్థో, పారా, మళ్ళీ లీకులు, ఏ గొడవా తప్పదు. చీపురు ఒక్కటి అక్కర్లేదు, లీకైన హైడ్రోజన్ అంటుకోటానికి చంద్రుడి మీద గాలి లేదుగా. (నవ్వులు, చప్పట్లు)